కార్డు పరీక్షలో లేదన్న డెంగీ, మూడు రోజులకు ఎలా బయటపడింది?

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. జ్వరం మొదలైన మూడో రోజు రాత్రి ఒళ్లునొప్పులు, వాంతులతో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. అక్కడికక్కడే కార్డు మీద పరీక్ష చేసి, 20 నిమిషాల్లో ‘డెంగీ లేదు’ అని చెప్పి పంపించేశారు. ఆరో రోజున మరో ఆసుపత్రిలో డెంగీ అని తేలింది. నమ్మలేని పరీక్షలు ఎమర్జెన్సీలో ఎందుకు చేస్తారు? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ ఆవేదన న్యాయమైనదే. అయితే లోపం పరీక్షలో కన్నా, ఆ ఒక్క పరీక్షను పట్టుకుని ‘లేదు’ అని తేల్చేయడంలో ఎక్కువగా ఉంది.

డెంగీ కార్డుల్లో చాలావాటికి రెండు భాగాలుంటాయి. ఒకటి వైరస్ నుంచి రక్తంలోకి వచ్చే ఎన్‌ఎస్‌1 అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. ఇది మొదటి రోజు నుంచి సుమారు ఐదో రోజు వరకు దొరుకుతుంది. రెండోది యాంటీబాడీలను చూపిస్తుంది. వాటిలో ఐజీఎం నాలుగైదు రోజులు గడిస్తే గాని బయటపడదు. మూడో రోజున మీ అబ్బాయికి ఐజీఎం ఇంకా తయారై ఉండకపోవచ్చు. ఎన్‌ఎస్‌1 ఉన్నా కొందరిలో కార్డుకు చిక్కదు. ముఖ్యంగా గతంలో ఒకసారి డెంగీ వచ్చిపోయినవారిలో పాత యాంటీబాడీలు ఆ ప్రొటీన్‌ను చుట్టేస్తాయి. రెండోసారి వచ్చే డెంగీలోనే ప్రమాదం ఎక్కువ కనుక ఈ సంగతి మమ్మల్ని నిజంగా కలవరపెడుతుంది.

కార్డును చదవడంలోనూ పొరపాటు జరగవచ్చు. కార్డు సరిగా పనిచేసిందో లేదో చెప్పే ‘సి’ (కంట్రోల్) దగ్గర గీత రాకపోతే ఆ కార్డు చెల్లదు; ఫలితం చూపే ‘టి’ (టెస్ట్) దగ్గర గీత ఎంత పలచగా ఉన్నా గీతే. రద్దీ రాత్రుల్లో, కార్డును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే తప్ప కనిపించని గీతలను నేను చూశాను.

అయినా ఈ పరీక్ష వద్దనను. ల్యాబ్‌లో యంత్రంతో చేసే ఎలైసా అనే రక్తపరీక్ష ఫలితానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి మరునాడు గాని రాదు. కార్డులో పాజిటివ్ వస్తే ఆ రాత్రే ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటి మాత్రలు ఆపించి, రోగిని కనిపెట్టుకుని ఉండగలం. దోమల వంటి వాటితో వచ్చే వ్యాధుల నియంత్రణకు కేంద్రం నడిపే జాతీయ కార్యక్రమం కూడా కార్డు ఫలితాన్ని అనుమానానికి బలంగానే తీసుకుంటుంది, నిర్ధారణకు ఎలైసానే అడుగుతుంది. నెగెటివ్ వచ్చినప్పుడు మాత్రం, వాంతులు చేసుకుంటున్న మనిషిని ఇంటికి పంపేముందు ప్లేట్‌లెట్లు, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూసి, మరునాడు మళ్లీ రక్తపరీక్షకు రమ్మని చెప్పి ఉండాల్సింది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే జ్వరం తగ్గినా వెంటనే రావాలని కూడా చెప్పాలి, ఎందుకంటే డెంగీలో ప్రమాదం తరచు జ్వరం దిగే సమయంలోనే మొదలవుతుంది.

డెంగీ వైరస్ నాలుగు రకాలు కనుక ఇది మళ్లీ రావచ్చు. ఇకముందు జ్వరం వస్తే, అది మొదలైన తేదీతో పాటు ఈసారి డెంగీ వచ్చిన సంగతీ డాక్టరుకు ముందే చెప్పండి. ఐజీఎం రెండు మూడు నెలలు రక్తంలో నిలిచి ఉంటుంది కాబట్టి, ఈలోగా కార్డులో అదొక్కటే పాజిటివ్ వస్తే కొత్త డెంగీ అని అనుకోనక్కరలేదు.