పెడల్ తొక్కకుండా వేగం పెరగాలంటే బలం కాదు, అదును కావాలి

ప్రశ్న: వరసగా మిట్టలూ పల్లాలూ ఉండే పంప్ ట్రాక్ మీద కొందరు సైకిల్ పెడల్ తొక్కకుండానే, రెండు పక్కలా గోడలు వంగి లేచే ర్యాంప్‌లో స్కేట్‌బోర్డ్ వాళ్లు కాలు కింద పెట్టకుండానే వేగం పెంచుకుంటూ పోతారు. అదెలా? దానికి కాళ్లలో బాగా బలం ఉండాలా?

బలం గురించి అడిగారు కాబట్టి ముందు ఆ సంగతే చెప్తాను. అదును తెలియని మనిషికి బలం ఎక్కువుంటే అది బ్రేకులాగే పనిచేస్తుంది. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, అది కళ్లారా చూశాను.

నా స్నేహితుడొకడు రోడ్డు సైకిల్ మీద ఒక్కరోజులో వంద కిలోమీటర్లు అలవోకగా తొక్కే మనిషి. వాణ్ని పంప్ ట్రాక్‌కి తీసుకెళ్తే మూడు నాలుగు మిట్టలు దాటేసరికే ఆగిపోయేవాడు. చిన్న చిన్న పిల్లలు పక్కనుంచి సర్రున వెళ్లిపోతుంటే వాడికి పంతం పెరిగేది, ఇంకా గట్టిగా తోసేవాడు, ఇంకా ముందే ఆగిపోయేవాడు. నేను ఒక మిట్ట పక్కన నేలమీద బోర్లా పడుకుని వాడి టైర్లనే చూశాను. ముందు టైరు మిట్ట ఎక్కుతూ సగం పైకొచ్చాక దాని పక్కలు ఉబ్బుతున్నాయి, అంటే ఉన్న బలమంతా సరిగ్గా అక్కడే పెడుతున్నాడు. దిగేటప్పుడు చూస్తే అదే టైరు గుండ్రంగా, పైన మనిషే లేనట్టుంది. పూర్తిగా తలకిందుల వ్యవహారం.

చైన్ తీసేయమన్నాను, ఎందుకంటే అది ఉన్నంతసేపూ సందు దొరికితే చాలు కాళ్లు తిప్పుతాడు. "ఇప్పుడు అస్సలు తొయ్యకు రా. మిట్ట రాగానే మోచేతులు, మోకాళ్లు మడిచి సైకిల్‌ని నీ పొట్టదాకా రానివ్వు. దిగేటప్పుడు మాత్రం చేతులూ కాళ్లూ చాపుతూ దాన్ని పల్లంలోకి నొక్కు" అన్నాను. నమ్మకం లేకుండానే మొదలుపెట్టాడు. కాసేపటికి టైర్ల చప్పుడే మారిపోయింది, అంతవరకూ మిట్ట ఎక్కేటప్పుడు వినపడిన బరబర శబ్దం ఇప్పుడు పల్లంలో వినపడుతోంది. పొద్దుగూకేలోపు చైన్ లేని సైకిల్ మీద ట్రాక్ మొత్తం చుట్టి వచ్చాడు. ఒక్క పూటలో తొడల బలం పెరగదు కదా.

కారణం ఇదీ. కాళ్లు చాపినప్పుడు ఒళ్లు ఎంత దూరం లేచింది, అప్పుడు నేల ఎంత గట్టిగా ఎదురు తోస్తోంది, ఈ రెండూ గుణిస్తే వచ్చేదే మీరు చేసిన పని. పల్లంలో నేల మీ మీదికి లేస్తూ వస్తుంది కాబట్టి ఒళ్లు బరువెక్కుతుంది, మిట్ట నెత్తిమీద నేల కిందికి తప్పుకుంటుంది కాబట్టి తేలికవుతుంది. బరువెక్కిన చోట చాచి, తేలికైన చోట ముడుచుకుంటే రాబడి ఎక్కువ, పోయేది తక్కువ, ఆ మిగులే వేగం. ఉయ్యాల మీద నిలబడి ఊగేవాళ్లు కిందికొచ్చినప్పుడు లేచి, రెండు చివరలా కుంగుతారు చూడండి, అచ్చంగా అదే.

స్కేట్‌బోర్డ్ ర్యాంప్‌కి అంకెలతో చెప్తాను. వంపు వ్యాసార్ధం 3 మీటర్లు, వేగం సెకనుకు 5 మీటర్లు అనుకోండి. ముడుచుకున్నప్పుడు మీ గరిమనాభి, అంటే ఒంటి బరువంతా ఒకచోట ఉన్నట్టు అనుకునే బిందువు, బోర్డుకి 0.6 మీటర్ల ఎత్తులో ఉండి, లేచేసరికి 1 మీటరుకి వస్తే, వంపు కేంద్రం నుంచి దాని దూరం 2.4 నుంచి 2 మీటర్లకు తగ్గుతుంది. కోణీయ ద్రవ్యవేగం, అంటే మీ బరువు, వేగం, కేంద్రం నుంచి దూరం గుణిస్తే వచ్చేది, మారదు కాబట్టి, ఘర్షణ, గురుత్వం పక్కన పెడితే, వేగం 5 నుంచి 6కి పెరుగుతుంది, గతిశక్తి 44 శాతం పెరిగినట్టు. ఆ వంపు అడుగున లేవడం మొదలుపెట్టేటప్పుడే 60 కిలోల మనిషి కాళ్ల మీద పడే భారం దాదాపు 120 కిలోలు. అదే కదలిక ర్యాంప్ మధ్యలోని చదును మీద చేస్తే వేగం ఏమాత్రం పెరగదు, ఎందుకంటే అక్కడ వంపు లేదు.

మరి ర్యాంప్‌లో గోడ ఎక్కేటప్పుడు కూడా లేస్తారు కదా, మిట్ట ఎక్కేటప్పుడు తోస్తే తప్పేంటి అని కొందరు వాదిస్తారు. ర్యాంప్ గోడ పైదాకా పల్లంలాగే లోపలికి వంగి ఉంటుంది. మిట్టకి సగం ఎత్తులో వంపు తిరగబడుతుంది. ఆ తర్వాత తోస్తే సైకిల్ పైకి ఎగురుతుంది, ముందుకి పోదు.

అందుకే "మోకాళ్లు వంచండి, మోకాళ్లు వంచండి" అని గట్టుమీంచి అరిచే కోచ్‌లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎప్పుడు వంచాలో చెప్పకపోతే పిల్లలు ట్రాక్ అంతా అదే భంగిమలో బిగుసుకుపోయి తిరుగుతారు. ఇంకొకటి, పంప్, అంటే ఇలా ముడుచుకుంటూ చాస్తూ వేగం తెచ్చుకోవడం, నేర్చుకోవడానికి మెత్తటి సస్పెన్షన్ ఉన్న ఖరీదైన సైకిల్ కొంటారు. మీరు నొక్కిన నొక్కుడంతా ఆ సస్పెన్షన్ మింగి వేడి చేసి పారేస్తుంది. స్కేటింగ్‌లో బేరింగ్‌ల పిచ్చి కూడా ఇలాంటిదే. బేరింగ్ గ్రేడ్‌ని ఏబెక్ 5 నుంచి 9కి మార్చినంత మాత్రాన పంప్ రాదు, ఆ అంకె చెప్పేది బేరింగ్ కొలతలు ఎంత కచ్చితంగా ఉన్నాయన్నదే.

చైన్ లేకుండా ఏమవుతుందిలే అనేవాళ్లకి అమెరికా డౌన్‌హిల్ సైకిల్ రేసర్ ఆరన్ గ్విన్ సంగతి చెప్తాను. 2015లో ఆస్ట్రియాలోని లియోగాంగ్ డౌన్‌హిల్ వరల్డ్ కప్‌లో మొదట్లోనే చైన్ తెగిపోయింది, అయినా గెలిచాడు. దిగుడు రేసే, గురుత్వం ఎలాగూ లాగుతుంది, ఒప్పుకుంటాను, కానీ ఓడిపోయినవాళ్లు కూడా అదే కొండ దిగారు, వాళ్లకి చైన్ కూడా ఉంది.

చదును నేల మీద కూడా ఇది కుదురుతుంది. లాంగ్‌బోర్డ్‌ని, అంటే పొడుగాటి స్కేట్‌బోర్డ్‌ని, పాములా మెలికలు తిప్పుతూ, కాలు దించకుండా కిలోమీటర్ల కొద్దీ పోయేవాళ్లున్నారు. అక్కడ మిట్టల పని మలుపులు చేస్తాయి, చక్రాలు నేలని పక్కకి పట్టుకున్నప్పుడు ఆ పట్టుకి ఎదురుగా ఒంటిని తోస్తారు.

ఇక కాళ్ల బలం ఎప్పుడు కావాలంటే, బాగా వేగం వచ్చాక. ఒళ్లు రెండింతల బరువెక్కిన క్షణంలో లేచి నిలబడాలంటే జిమ్‌లో చేసిన స్క్వాట్స్ నిజంగానే అక్కరకొస్తాయి. అంతవరకూ సీటు బాగా కిందికి దించండి, టైర్లలో గాలి గట్టిగా కొట్టండి, చైన్ తీసేసి ట్రాక్ మొదట్లోని ఎత్తు మీంచి దిగండి. మొదట్లో మిట్టల మీద ముడుచుకోవడం ఒక్కటే చూసుకోండి. సైకిల్ పైకి ఎగరకుండా నేలని అంటుకుని పోవడం మొదలయ్యాకే దిగుడులో నొక్కండి.