జలాంతర్గాములు పెరిగితే యుద్ధం దూరమవుతుందా, దగ్గరవుతుందా?

భారత్, పాకిస్తాన్ రెండూ జలాంతర్గాములు పెంచుకుంటూ పోతే యుద్ధ భయం తగ్గుతుందా అని అడిగారు. మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. సైన్యంలో చేరాలని ఇక్కడ రోజూ పరుగు సాధన చేసే కుర్రాళ్లు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు. నౌకాదళంలో పదిహేనేళ్లు సోనార్ (నీటిలో ధ్వనితో వెతికే పరికరం) విభాగంలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను.

అణ్వాయుధాన్ని ముందుగా ప్రయోగించబోమని 2003లో విధానంగా ప్రకటించిన మనకు, దెబ్బ తిన్న తరువాత కూడా తిరిగి కొట్టగల ఆయుధం ఎక్కడో భద్రంగా ఉండాలి. అందుకు సముద్రగర్భాన్ని మించిన చోటు లేదు. 2018లో తొలి గస్తీ ముగించిన అణు జలాంతర్గామి అరిహంత్, 2024 ఆగస్టులో విశాఖలో నౌకాదళంలో చేరిన అరిఘాత్ ఆ పనికే ఉన్నాయి. అంతవరకు నాకు దిగులు లేదు.

దిగులు మరోచోట ఉంది. 2017 జనవరిలో పాకిస్తాన్ 450 కిలోమీటర్లు వెళ్లే బాబర్-3 క్షిపణిని నీటి అడుగు నుంచి పరీక్షించింది. దానిని డీజిల్ జలాంతర్గాముల్లోనే అమరుస్తారని నిపుణుల అంచనా. అదే జరిగితే, మామూలు టార్పెడోలతో తిరిగేది ఏదో, అణ్వాయుధంతో తిరిగేది ఏదో వెతికేవాడికి తెలియదు.

ఆ వెతుకులాట ఎంత గుడ్డిదో నాకు తెలుసు. మధ్యాహ్నపు ఎండకు పైనీరు వేడెక్కితే ధ్వని కిందికి వంగిపోతుంది, పొద్దున అందిన ప్రతిధ్వని అప్పుడు అందదు. ఒక విన్యాసంలో అర్ధరాత్రి నాకు గట్టి ప్రతిధ్వని దొరికింది, అది మెల్లగా కదులుతోంది కూడా. జలాంతర్గామేనని అధికారికి చెప్పాను, నౌక మొత్తం అప్రమత్తమైంది. తెల్లవారాక అదే దిక్కున తిమింగలాలు పైకి వచ్చి ఊపిరి వదిలాయి. శాంతికాలం కనుక సరిపోయింది. ఉద్రిక్తత ఉన్న రోజైతే నా మాట మీద ఏ ఆదేశం వెలువడేదో తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

కాబట్టి జలాంతర్గాముల లెక్క కన్నా ముందు పొరపాట్లను ఆపే ఏర్పాటు కావాలి. అమెరికా, సోవియట్ యూనియన్ 1972లోనే సముద్రంలో ఇలాంటి పొరపాటు ఘటనలను నివారించే ఒప్పందం చేసుకున్నాయి. మనకూ పాకిస్తాన్‌కూ మధ్య ఉన్నవి అరకొరవి. 2005 నాటి ముందస్తు సమాచార ఒప్పందం పైకి ఎగిరి వంపు దారిలో వచ్చి పడే బాలిస్టిక్ క్షిపణుల పరీక్షలకే పరిమితం, విమానంలా తక్కువ ఎత్తులో ఎగిరే క్రూయిజ్ రకమైన బాబర్-3 దాని కిందికి రాదు. యుద్ధనౌకలు, జలాంతర్గాములు ఒకదానికొకటి మూడు నాటికల్ మైళ్లలోపుకు రాకూడదని 1991లో ఒప్పందం చేసుకున్నా, 2011 జూన్‌లో మన యుద్ధనౌక ఐఎన్ఎస్ గోదావరి, పాకిస్తాన్ యుద్ధనౌక పీఎన్ఎస్ బాబర్ ఒకదానినొకటి తాకాయి, తప్పు మీదంటే మీదని ఇరు ప్రభుత్వాలూ అన్నాయి. అవి కంటికి కనిపించే నౌకలు. నీటి అడుగున కనిపించకుండా తిరిగే జలాంతర్గాములను ఆ కాగితం ఎంతవరకు ఆపుతుంది?