పవర్ యాప్స్ గురించి చెప్పబోయే అమ్మాయికి

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

పెద్దగా కోడ్ రాయకుండానే ఆఫీసు పనులకు యాప్‌లు కట్టుకునే సాధనమైన మైక్రోసాఫ్ట్ పవర్ యాప్స్ గురించి మూడు రకాల సభల్లో మాట్లాడాలనీ, ఒకే స్లైడ్లు అందరికీ సరిపోతాయా అనీ అడిగావు. సరిపోవమ్మా. సాధనం ఒకటే అయినా వినేవాళ్ల భయాలు వేరు. ముందు ఆ భయానికి జవాబు చెప్పు, మిగతాదంతా తర్వాత.

కార్యాలయ సిబ్బందికి 'ఇది మా వల్ల అవుతుందా' అన్నదే బెంగ. వాళ్ల దగ్గర 'లో-కోడ్', 'ప్లాట్‌ఫాం' లాంటి మాటలు వద్దు. చాలామందికి ఎక్సెల్ ఫార్ములాలు అలవాటే. యాప్‌లో రాసే పవర్ ఎఫ్ఎక్స్ భాషను ఆ పద్ధతిలోనే తయారు చేశారని చెప్పు, సగం బెరుకు పోతుంది. తర్వాత వాళ్లు రోజూ నింపే సెలవు దరఖాస్తునే తీసుకుని వాళ్ల ఎదుటే యాప్‌గా కట్టు. దరఖాస్తు పంపగానే, ఇలాంటి పనులను దానంతట అదే నడిపే పవర్ ఆటోమేట్ ద్వారా పై అధికారికి మెయిల్ వెళ్లడం కూడా చూపించు. అది ఎలా జరిగిందో అడిగితేనే వివరించు.

ప్రోగ్రామర్ల సంగతి వేరు. నువ్వు దాచేదేమిటా అని చూస్తుంటారు, అలా చూడటం వాళ్ల వృత్తిధర్మం. అందుకే డెలిగేషన్ గురించి, అంటే వెతికే పనిని యాప్ తాను చేయకుండా డేటా ఉన్న చోటికే అప్పగించడం గురించి, వాళ్లు అడగకముందే నువ్వే ఎత్తు. సంస్థ ఫైళ్లూ జాబితాలూ దాచుకునే షేర్‌పాయింట్‌లో ఒక జాబితాకు 3,000 వరుసలు ఉన్నాయనుకో. వెతికే పనిని షేర్‌పాయింటే చేయగలిగితే చిక్కు లేదు. చేయలేని ఫార్ములా రాస్తే యాప్ మొదటి 500 వరుసలను మాత్రమే తెచ్చుకుని వాటిలోనే వెతుకుతుంది. సెట్టింగుల్లో ఆ హద్దును 2,000 దాకా పెంచవచ్చు, అంతకు మించి కుదరదు. అసలు ప్రమాదం ఏమిటంటే, యాప్ వాడే మనిషికి తప్పు జరిగినట్టు ఏ సందేశమూ రాదు, ఉన్న దరఖాస్తు లేనట్టే కనిపిస్తుంది. యాప్ కట్టేటప్పుడు మాత్రం ఎడిటర్ హెచ్చరిక గుర్తు చూపిస్తుంది. ఆ గుర్తునూ, ఫార్ములా మార్చగానే అది పోవడాన్నీ అక్కడే చేసి చూపించు. పరిమితిని నీ నోటితోనే విన్నవాళ్లు నువ్వు చెప్పే మంచిని కూడా నమ్ముతారు. ఈ సభకే ఎక్కువగా సిద్ధపడు.

ఆర్థిక విభాగం వాళ్లకు తెరలూ బొమ్మలూ అక్కర్లేదు. లైసెన్సు గీత ఎక్కడుందో చెప్పు చాలు. యాప్‌ను బయటి డేటాకు కలిపే లంకెలను కనెక్టర్లు అంటారు. షేర్‌పాయింట్, ఔట్‌లుక్ లాంటి మామూలు కనెక్టర్లతో నడిచే యాప్‌కు సాధారణంగా మైక్రోసాఫ్ట్ 365 చందా సరిపోతుంది. డేటావర్స్, ఎస్‌క్యూఎల్ సర్వర్ లాంటి డేటాబేస్‌ను కలిపితే అది ప్రీమియం అవుతుంది. అప్పుడు కట్టినవారికే కాదు, సాధారణంగా వాడే ప్రతి ఒక్కరికీ లైసెన్సు కావాలి. ఈ ఒక్క వాక్యం ముందుగా చెప్పకపోతే పదిమంది కోసం మొదలైన యాప్ సంస్థంతా పాకాక బిల్లు చూసి తగువు పడతారు. ధరలు మారుతుంటాయి కనుక నోటి లెక్క చెప్పకు. సభ రోజు పొద్దున మైక్రోసాఫ్ట్ ధరల పట్టిక చూసి, తేదీతో సహా రాసుకుని వెళ్లు.

బాబాయి