చంటిబిడ్డ తల్లి కనిపించకపోతే పోలీసులు ఏం చేస్తారు?

హైదరాబాద్‌లో చంటిబిడ్డ తల్లి కనిపించడం లేదు. 24 గంటలు ఆగాలా, భర్తనే పదేపదే ఎందుకు అడుగుతున్నారు, పోలీసులు వివరాలు ఎందుకు చెప్పరు అని కొందరు అడిగారు.

ఆగాలని ఏ చట్టంలోనూ లేదు. నేరం జరిగిందన్న సమాచారం ఉంటే ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపకూడదు. నేరాల దర్యాప్తు ఎలా సాగాలో చెప్పే, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ చెప్పేది అదే. వెంట బిడ్డ కూడా కనిపించకపోతే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఆలస్యమైతే ముందు పోయేది సీసీ కెమెరా ఫుటేజీ. కిరాణా కొట్టు, అపార్ట్‌మెంట్ గేటు కెమెరాల్లో హార్డ్ డిస్క్ నిండగానే పాతదాని మీద కొత్తది పడిపోతుంది. ‘అన్నా, ఆ రోజుది చెరిగిపోకుండా దాచిపెట్టు’ అని షాపువాళ్లను ఇంట్లోవాళ్లే అడగొచ్చు. టవర్ లొకేషన్ మీద మరీ ఆశలు వద్దు. ఫోన్ ఏ టవర్ పరిధిలో ఉందో తెలుస్తుంది గానీ, అమీర్‌పేటలో ఏ హాస్టల్ గదిలో ఉందో తెలియదు.

చివరిసారి చూసినవాళ్లతో మొదలుపెట్టడం మామూలు పద్ధతి. విచారించినంత మాత్రాన భర్త నిందితుడైపోడు. (వాట్సాప్ గ్రూపులకు ఈ తేడా ఎప్పటికి ఎక్కుతుందో!)

ఇక పోలీసుల మౌనం. ఆమె మేజర్. ఇంట్లో కొట్టడం భరించలేక వెళ్లి ఉంటే, ఎక్కడుందో చెప్పడమే ఆమెకు ప్రమాదం. దొరికాక వాంగ్మూలం తీసుకుంటారు గానీ, ఇష్టం లేకుండా ఇంటికి పంపలేరు. ఎవరైనా అక్రమంగా నిర్బంధించారన్న అనుమానం ఉంటే మాత్రం హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరేది) వేయొచ్చు.