చికాగో దగ్గర చిన్న విలేజ్‌లో ఇల్లు కొనాలనుకునేవాళ్లకు

వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న ఒక తమ్ముడు పోయిన వారం ఫోన్ చేశాడు. "అక్కా, ఏజెంట్ హానోవర్ పార్క్‌లో ఒక ఇల్లు చూపించాడు. మా బడ్జెట్‌లోనే ఉంది. కానీ కాగితాల మీద విలేజ్ అని రాసి ఉంది. పల్లెటూళ్లో కొన్నావా అంటారేమో ఇంట్లోవాళ్లు" అన్నాడు. చికాగో చుట్టుపక్కలకు కొత్తగా వచ్చినవాళ్లలో చాలామందికి ఈ అనుమానం వస్తుంది.

ఇలినాయ్‌లో విలేజ్ అనేది పరిపాలనలో ఒక రకం, అంతే. 70 వేలకు పైగా జనం, పెద్ద మాల్, వరుసగా ఆఫీసులు ఉన్న షాంబర్గ్ కూడా విలేజే. మా హానోవర్ పార్క్ 1958లో విలేజ్ అయింది. దాని పక్కనే స్ట్రీమ్‌వుడ్, బార్ట్‌లెట్, రోజెల్, కెరోల్ స్ట్రీమ్ ఉన్నాయి. అన్నీ విలేజీలే. మెట్రా రైలెక్కితే గంట అటూ ఇటూగా యూనియన్ స్టేషన్‌లో దిగుతాం. 390 టోల్ రోడ్డు మా ఊళ్లోనే మొదలై ఓహేర్ ఎయిర్‌పోర్టు వైపు వెళ్తుంది. బాప్స్ స్వామినారాయణ మందిరం పక్క ఊరు బార్ట్‌లెట్‌లోనే ఉంది. అరోరా బాలాజీ గుడికి ఆదివారం పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేస్తాం.

మనవాళ్లు ముందు నేపర్‌విల్ పేరు చెబుతారు. మంచి ఊరే, కాదనను. కానీ ఆ పేరు కోసం ఇద్దరి జీతాలూ కలిపితే గానీ తీరని లోన్ నెత్తిన పెట్టుకోవద్దు. వీసా మీద ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే: ఒక్క జీతంతో నడిచే ఇల్లు చూసుకోండి. హెచ్1బి ఉద్యోగం పోతే మామూలుగా చేతిలో ఉండేది 60 రోజులు. ఆ 60 రోజులూ వేరే ఉద్యోగం వెతుక్కోవాలి గానీ, ఇంటి కంతు ఎలా కట్టాలా అన్న టెన్షన్‌తో నిద్ర పాడుచేసుకోకూడదు. చిన్న విలేజ్‌లో 1960, 70ల్లో కట్టిన స్ప్లిట్ లెవెల్ ఇల్లో (అంతస్తులు సగం మెట్ల ఎత్తులో ఉండేది), టౌన్‌హోమో (వరుసగా గోడలు కలిసి ఉండే ఇల్లు) అయితే ఆ లెక్క కుదురుతుంది.

అయితే ఇంటి ధర ఒక్కటే చూసి సంబరపడితే ఇలినాయ్‌లో దెబ్బ తింటాం. ఇక్కడి ప్రాపర్టీ టాక్స్ దేశంలోనే బాగా ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి. ఏడాదికి ఇంటి విలువలో 2 శాతం పైన పడడం మామూలు. 3,20,000 డాలర్ల ఇంటికి 2.5 శాతం వేసుకుంటే ఏడాదికి 8,000, అంటే నెలకు దాదాపు 667 డాలర్లు. లోన్ తీరిపోయినా ఇది తీరదు.

ఈ టాక్స్ ఒక ఏడాది వెనక నడుస్తుంది. ఈ ఏడాది కట్టేది పోయిన ఏడాది బిల్లు. అందుకే క్లోజింగ్ రోజు, అంటే ఇల్లు మన పేరు మీదకు మారే రోజు, అమ్మేవాళ్లు తాము ఉన్న కాలానికి లెక్కకట్టి మనకు క్రెడిట్ ఇస్తారు. చేతికి డబ్బు మిగిలినట్టు కనిపిస్తుంది కానీ అది మనది కాదు, రాబోయే బిల్లుది. మేం కొన్నప్పుడు ఈ సంగతి తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది. మాకు ఇల్లు అమ్మినవాళ్లు పెద్దవయసు దంపతులు. వాళ్లకు సీనియర్ ఎగ్జెంప్షన్ (పెద్దవాళ్లకు టాక్స్‌లో ఇచ్చే తగ్గింపు), దాంతోపాటు సీనియర్ ఫ్రీజ్ (టాక్స్ వేసే ఇంటి విలువ పెరగకుండా ఆపేది) కూడా ఉన్నాయి. అందుకే వాళ్ల బిల్లు 5,400 డాలర్లే ఉండేది. మొదటి ఏడాది పాత బిల్లే వచ్చింది, హాయిగా కట్టాం. ఆ తర్వాత మా పేరు మీద లెక్క మొదలయ్యేసరికి 7,900 అయింది. టాక్స్ కోసం లోన్ కంపెనీ నెలనెలా మన దగ్గర తీసి దాచే ఖాతా ఎస్క్రో. అందులో తగ్గిన 2,500 వెనక్కి కట్టాలి, ముందుకు కూడా పెంచి కట్టాలి. రెండూ కలిసి నెల కంతు ఒక్కసారిగా నాలుగు వందల డాలర్ల పైన పెరిగింది. అప్పటికి పాప పుట్టి మూడు నెలలు, నేను జీతం లేని సెలవులో ఉన్నాను. ఆ ఏడాది ఎలా గడిచిందో మాకే తెలుసు. ఎవరి తప్పూ లేదు. కౌంటీ వెబ్‌సైట్‌లో బిల్లు తెరిచి ఏ ఎగ్జెంప్షన్లు ఉన్నాయో చూసుంటే ముందే తెలిసేది. ఐదు నిమిషాల పని.

ఇంటి నంబరు కొట్టగానే ఆ బిల్లు వస్తుంది. అందులో వరుసలు చదవండి. స్కూళ్లకు ఎంత, పార్క్ డిస్ట్రిక్ట్‌కు ఎంత, లైబ్రరీకి ఎంత, విలేజ్‌కు ఎంత అని విడివిడిగా ఉంటుంది. అన్నిటికంటే పెద్ద భాగం స్కూళ్లదే. కొన్నాక మీరు ఉంటున్న ఇంటికి హోమ్‌ఓనర్ ఎగ్జెంప్షన్ వచ్చిందో లేదో సరిచూసుకోండి. రాకపోతే అడిగి వేయించుకోవాలి.

ఊళ్ల సరిహద్దుల దగ్గర మన లెక్కలు పనికిరావు. మన దగ్గర ఊరంటే ఒక పంచాయతీ, ఒక మండలం, అందరికీ తెలిసిన ఒక బడి. ఇక్కడ విలేజ్ గీత వేరు, కౌంటీ గీత వేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులు నడిపే సంస్థ) గీత వేరు, పోస్టాఫీసు పెట్టిన ఊరి పేరు వేరు. హానోవర్ పార్క్ కొంత కుక్ కౌంటీలో, కొంత డ్యుపేజ్ కౌంటీలో ఉంది. టాక్స్ లెక్కగట్టే పద్ధతి, బిల్లు వచ్చే నెలలు, చివరకు దుకాణంలో పడే సేల్స్ టాక్స్ కూడా కౌంటీని బట్టి మారతాయి. ఇంత చిన్న ఊళ్లో పిల్లలు నాలుగైదు స్కూల్ డిస్ట్రిక్టులకు వెళ్తారు. ఎల్జిన్ వైపు యూ-46 అనే డిస్ట్రిక్ట్ అయితే చిన్న తరగతుల నుంచి హైస్కూల్ దాకా ఒకటే. షాంబర్గ్ వైపు ఎనిమిదో తరగతి దాకా డిస్ట్రిక్ట్ 54, ఆ తర్వాత డిస్ట్రిక్ట్ 211. ఏజెంట్ చెప్పాడని, ఇంటర్నెట్‌లో డిస్ట్రిక్ట్ నంబరు చూశామని నమ్మొద్దు. ఆ ఇంటి అడ్రసు చెప్పి డిస్ట్రిక్ట్ ఆఫీసుకే ఫోన్ చేయండి. రేటింగ్ పదికి ఆరో ఏడో ఉందని స్కూల్‌ను కొట్టిపారేయొద్దు కూడా. మా పాప బడిలో స్పానిష్, పోలిష్, గుజరాతీ, ఉర్దూ మాట్లాడే పిల్లలు ఉన్నారు. టీచర్లు ప్రతి బిడ్డనూ పేరు పెట్టి పిలుస్తారు. వెళ్లి, చూసి, అప్పుడు నిర్ణయించుకోండి.

లోన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. 2025 మే నెలాఖరు నుంచి వీసా మీద ఉండి గ్రీన్ కార్డు లేనివాళ్లకు ఎఫ్‌హెచ్‌ఏ లోన్ (ప్రభుత్వ బీమా ఉన్న ఇంటి లోన్) ఇవ్వడం లేదు. హెచ్1బి వాళ్లు కన్వెన్షనల్ లోన్, అంటే ఆ ప్రభుత్వ బీమా లేని మామూలు లోన్, చూసుకోవాలి. డౌన్ పేమెంట్ 20 శాతం లేకపోతే పీఎంఐ (లోన్ ఇచ్చినవాళ్ల కోసం మనం కట్టే బీమా) పడుతుంది. లోన్ బాకీ ఇంటి విలువలో 80 శాతానికి దిగాక దాన్ని తీసేయమని మీరే రాతపూర్వకంగా అడగాలి. ఇంటి నుంచి అమ్మానాన్నలు డబ్బు పంపితే బ్యాంకు గిఫ్ట్ లెటర్ (ఇది అప్పు కాదు, కానుక అని రాసిచ్చే ఉత్తరం) అడుగుతుంది. ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే అమెరికా టాక్స్ శాఖ ఐఆర్‌ఎస్‌కు ఫారం 3520 వేయాలి. దాని మీద టాక్స్ ఉండదు గానీ, వేయడం మర్చిపోతే జరిమానా భారీగా ఉంటుంది. ఇక్కడ కొనేవాళ్లు లాయర్ని పెట్టుకోవడం మామూలే. కాంట్రాక్టు సంతకమయ్యాక లాయర్ చూసి మార్పులు అడగడానికి సాధారణంగా 5 పనిదినాలు ఉంటాయి. ఆ రోజులు దాటనివ్వొద్దు.

పాత ఇళ్లలో అసలు కథంతా బేస్‌మెంట్‌లో ఉంటుంది. ఇక్కడ వాన పడితే నేలలోంచి నీళ్లు ఊరతాయి. వాటిని తోడిపోయడానికి గుంటలో సంప్ పంప్ ఉంటుంది. గాలివానకు కరెంటు పోతుంది, సరిగ్గా అప్పుడే పంప్ కావాలి. కాబట్టి బ్యాటరీ బ్యాకప్ ఉందో లేదో చూడండి. మామూలు హోమ్ ఇన్సూరెన్స్‌లో సంప్ పొంగితే అయ్యే నష్టం ఉండదు, విడిగా చేర్పించుకోవాలి. వరదకు ఇంకో పాలసీ. 1965 నుంచి 1973 మధ్య కట్టిన ఇల్లయితే అల్యూమినియం వైరింగ్ ఉందేమో ఇన్‌స్పెక్టర్ని ప్రత్యేకంగా అడగండి. మురుగు పైపులో కెమెరా పెట్టించండి, చెట్ల వేర్లు దూరి ఉంటాయి. రేడాన్ పరీక్ష మానొద్దు. అది నేలలోంచి వచ్చే వాసన లేని వాయువు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది. లీటరు గాలికి 4 పికోక్యూరీలకు (దాన్ని కొలిచే లెక్క) చేరితే సరిచేయించాలి. బేస్‌మెంట్‌లో గదులు కట్టి ఉంటే పర్మిట్ తీసుకున్నారా అని విలేజ్ ఆఫీసులో అడగండి. చిన్న ఊరు కాబట్టి కౌంటర్ దగ్గర మనిషి ఓపిగ్గా చెబుతారు.

ఇక్కడి బతుకు నాకు నచ్చింది. విలేజ్ బోర్డు మీటింగ్‌లో ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. మా వీధిలో లైటు వెలగడం లేదని నేను చెప్పాను, బాగుచేయించారు. మెక్సికన్ దుకాణంలో కొత్తిమీర కట్టలు, పచ్చిమిర్చి, లేత బెండకాయలు దొరుకుతాయి. మంచు పడ్డప్పుడు కారు వీధిలో ఉంచకూడదు, గడ్డి ఎక్కువ పెరిగితే నోటీసు వస్తుంది. ఈ రెండూ మొదటి ఏడాదే అలవాటు చేసుకోవాలి. మొదటి చలికాలం మా ఆయన ఊరెళ్లినప్పుడు పక్కింటి పెద్దాయన ఏమీ అడగకుండా మా వాకిట్లో మంచు తీసి వెళ్లాడు. మర్నాడు పులిహోర పట్టుకెళ్లాను. ఆ గిన్నె ఇప్పటికీ రెండిళ్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది.

తమ్ముడు నేను చెప్పినట్టే బిల్లు తెరిచి చూశాడు. అందులోనూ సీనియర్ ఫ్రీజ్ ఉంది. అది తీసేసి, తన ఒక్క జీతం మీదే లెక్క వేసుకున్నాడు, కుదిరింది. శనివారం ఇన్‌స్పెక్షన్. నేనూ వెళ్తున్నాను. సంప్ గుంటలో రెండు బకెట్ల నీళ్లు పోసి మోటారు పనిచేస్తుందో లేదో చూడాలి.