టెక్ సందేహాలు: లైనక్స్‌లో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్

ప్రశ్న: విండోస్ 10కు అప్‌డేట్లు ఆగిపోయాయని పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ మింట్ వేసుకున్నాను. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఎడిటర్ లేనిదే నాకు పని సాగదు. వైన్ (లైనక్స్‌లో విండోస్ ప్రోగ్రాములను నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి ఇన్‌స్టాలర్ నొక్కితే 32 బిట్ భాగం లేదంటోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌కు లైనక్స్ వెర్షన్ లేదు. 2003లో మొదలైనప్పటి నుంచీ అది విండోస్ కోసమే రాస్తున్న ప్రోగ్రామ్. లైనక్స్ యాప్‌లు దొరికే స్నాప్ స్టోర్‌లో అదే పేరుతో దొరికేది కూడా వైన్‌ను లోపల పెట్టి కట్టిన మూటే. మింట్‌లో స్నాప్‌ను ముందే ఆపి ఉంచుతారు కాబట్టి ఆ దారి మీకు అక్కర్లేదు.

మీరు 64 బిట్ వెర్షన్ దించుకున్నా, దాన్ని ఎక్కించే ఇన్‌స్టాలర్ మాత్రం 32 బిట్‌ది. అందుకే ఆ ఎర్రర్. ఇన్‌స్టాలర్‌ను వదిలేసి, అధికారిక సైట్‌లో ‘పోర్టబుల్’ అని ఉండే 64 బిట్ జిప్ తీసుకోండి. హోమ్‌లో ఒక ఫోల్డర్ చేసి అందులో విప్పండి. లోపలి ప్రోగ్రామ్ ఫైల్‌పై రైట్ క్లిక్ చేసి వైన్‌తో తెరవండి. సెట్టింగులన్నీ ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి కాబట్టి బ్యాకప్ కావాలంటే ఫోల్డర్‌ను కాపీ చేసుకుంటే చాలు.

పాత మ్యాక్రోలు (రికార్డు చేసి పెట్టుకున్న పనుల వరుసలు) కావాలంటే విండోస్‌లోని యాప్‌డేటా, రోమింగ్ కింద ఉన్న నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఫోల్డర్ నుంచి ‘షార్ట్‌కట్స్’ ఎక్స్ఎంఎల్ ఫైల్‌ను తెచ్చి, జిప్ విప్పిన ఫోల్డర్‌లో పెట్టండి. ఆ సమయంలో ఎడిటర్ మూసి ఉండాలి. తెరిచి ఉంటే, మూసేటప్పుడు తన దగ్గరున్న పాత వివరాలను దాని మీద రాసేయవచ్చు. తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా ఉండే ‘సెషన్’ ఫైల్ మాత్రం తేవద్దు. అందులో ఉన్నవన్నీ సి డ్రైవ్ చిరునామాలు, ఇక్కడ దొరకవు. అక్షరాలు మరీ చిన్నగా కనిపిస్తే వైన్ కాన్ఫిగరేషన్‌లో గ్రాఫిక్స్ ట్యాబ్‌కు వెళ్లి డీపీఐని 96 నుంచి 120కి పెంచండి.

ఇక పరిమితులు. వైన్‌లో నడిచే ఎడిటర్ తాను విండోస్‌లోనే ఉన్నాననుకుంటుంది. మీ లైనక్స్ ఫైళ్లన్నీ దానికి జెడ్ డ్రైవ్‌గా కనిపిస్తాయి. ఒకే ఫోల్డర్‌లో పెద్దక్షరాలతో ఒకటి, చిన్నక్షరాలతో ఒకటి అదే పేరుతో రెండు ఫైళ్లుంటే వైన్ వాటిని వేరు చేయలేదు, ఒకదాన్నే తెరుస్తుంది. రన్ మెనూ విండోస్ ఆదేశాలను ఆశిస్తుంది కనుక, పైథాన్ లాంటివి టెర్మినల్‌లోనే నడుపుకోవాలి. సిస్టమ్ ఫైళ్లు మార్చాలని వైన్‌ను సుడోతో (అడ్మిన్ అధికారం ఇచ్చే ఆదేశంతో) ఎప్పుడూ నడపవద్దు. వైన్ ఫోల్డర్‌లోని ఫైళ్లు రూట్ (అడ్మిన్) పేరు మీదికి వెళ్లిపోతే తర్వాత మీ లాగిన్‌తో ఎడిటరే తెరుచుకోదు. సిస్టమ్ ఫైళ్లకు మింట్‌తో వచ్చే సొంత ఎడిటర్ సరిపోతుంది.

ప్లగిన్లు (ఎడిటర్‌కు అదనంగా తగిలించుకునే భాగాలు), మ్యాక్రోలు తప్పనిసరైతేనే ఈ శ్రమ పడమంటాను. అదే రూపం, ట్యాబులు, రంగులు చాలనుకుంటే ఫ్లాట్‌హబ్ అనే లైనక్స్ యాప్ స్టోర్‌లో నోట్‌ప్యాడ్ నెక్స్ట్ ఉంది. అది నేరుగా లైనక్స్ మీద నడుస్తుంది, వైన్ అక్కర్లేదు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ప్లగిన్లు మాత్రం అందులో పనిచేయవు.

ప్రశ్న: ఇలాగే వైన్‌లో రాసిన షెల్ స్క్రిప్ట్ నడిపితే ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అంటోంది. కోడ్‌లో తప్పేమీ లేదు.
– ఇంజినీరింగ్ విద్యార్థి, అనంతపురం

తప్పు కోడ్‌లో లేదు, వరుసల చివర ఉంది. విండోస్ ప్రతి వరుస చివర రెండు కనిపించని గుర్తులు పెడుతుంది, లైనక్స్‌కు ఒకటే కావాలి. ఆ అదనపు గుర్తు మొదటి వరుసలోని బాష్ (స్క్రిప్ట్‌ను నడిపే ప్రోగ్రామ్) చిరునామాకు అంటుకుంటుంది. ఆ పేరుతో ప్రోగ్రామ్ ఏదీ లేదు కాబట్టి లైనక్స్ చేతులెత్తేస్తుంది. ఎడిట్ మెనూలో ఈఓఎల్ కన్వర్షన్, అందులో యూనిక్స్ ఎంచుకుని సేవ్ చేయండి. ఇకముందు ఇలా కాకుండా సెట్టింగ్స్, ప్రిఫరెన్సెస్, న్యూ డాక్యుమెంట్‌లో ఫార్మాట్‌ను యూనిక్స్‌గా, ఎన్‌కోడింగ్‌ను బామ్ (ఫైల్ మొదట్లో చేరే కనిపించని గుర్తు) లేని యూటీఎఫ్–8గా పెట్టండి. ఫైల్ మొదట్లో బామ్ ఉన్నా స్క్రిప్ట్ సరిగా నడవదు. నడిపే అనుమతి టెర్మినల్‌లో మీరే ఇచ్చుకోవాలి.

ప్రశ్న: డీటీపీ చేస్తాను. అను ఫాంట్‌లో కొట్టిన మ్యాటర్ లైనక్స్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి.
– కడప

అను యూనికోడ్ (ప్రతి భాష అక్షరాలకూ సొంత సంకేతాలుండే పద్ధతి) కాదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలను పెట్టిన ఫాంట్ అది. మీ దగ్గరున్న ఫాంట్ ఫైళ్లను లైనక్స్‌లో ఇన్‌స్టాల్ చేసి, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌ను మూసి తెరిచి, స్టైల్ కాన్ఫిగరేటర్‌లో ఆ ఫాంట్ ఎంచుకోండి. అప్పటికీ కొన్ని అక్షరాలు చెడితే ఎన్‌కోడింగ్ మెనూలో క్యారెక్టర్ సెట్స్ కింద వెస్టర్న్ యూరోపియన్, విండోస్–1252 పెట్టి చూడండి. అదే మెనూలో ‘కన్వర్ట్’ అని మొదలయ్యే వాటి జోలికి మాత్రం వెళ్లవద్దు. అవి చూపే తీరును కాదు, ఫైల్‌నే మార్చేస్తాయి. ముందుగా అసలు ఫైల్‌కు నకలు తీసి పెట్టుకోండి.

చూడటం వరకే ఇది. అను కీబోర్డు సాఫ్ట్‌వేర్ విండోస్‌ది, వైన్‌లో దాన్ని నమ్ముకుని ఆర్డర్లు ఒప్పుకోవద్దు. ప్రెస్సుకు వెళ్లే పనికి ఒక విండోస్ మెషీన్ ఉంచుకోండి. కొత్తగా యూనికోడ్‌లో కొట్టాలంటే లైనక్స్‌లో భాషల కీబోర్డులను నడిపే ఐబస్‌కు ఎం17ఎన్ ప్యాకేజీ చేర్చండి, అందులో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ లేఅవుట్లు రెండూ ఉంటాయి.