టీవీలో కథ చెప్పబోతున్న అమ్మలుకి

న్యూటన్, మసాచుసెట్స్
జనవరి 2018

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ చదివాను. బోస్టన్ పబ్లిక్ టీవీ స్టేషన్ డబ్ల్యూజీబీహెచ్ వాళ్లు తమ కథల కార్యక్రమానికి నిన్ను పిలిచారని మీ అమ్మ చెప్పిన దగ్గర్నుంచీ నాకు కాలు నిలవడం లేదు. ఇక్కడి లైబ్రరీల్లో, కేఫుల్లో జరిగే కథల సాయంత్రాల్లో చాలా ఏళ్లుగా కథలు చెబుతున్నదాన్ని కాబట్టి నాకు తెలిసినవి రాస్తున్నాను. ఫోన్లో చెబితే పాప ఏడుపులో సగం నీకు వినపడదు.

నువ్వు వెళ్లబోయే ‘స్టోరీస్ ఫ్రం ద స్టేజ్’ 2017లో మొదలైన సిరీస్, ఇంకా కొత్తది. నువ్వు చూసినవి ఒకటో రెండో అన్నావు. వెళ్లేలోపు దొరికినన్ని చూడు. అరగంట కార్యక్రమం. ఒక అంశం ఇస్తారు, దాని మీద ముగ్గురు తమ జీవితంలో జరిగింది చెబుతారు. నడిపించే థెరిసా ఒకోకన్, వెస్ హజార్డ్ ఇద్దరూ స్టేజీ తెలిసినవాళ్లే. కథతో పాటు నిన్ను విడిగా కూర్చోబెట్టి మాట్లాడించిన ముక్కలు కూడా కలుపుతారు. ఇవన్నీ ఆ అరగంటలోనే సర్దాలి కాబట్టి నీ వాటా ఎంతో లెక్కేసుకో. ఆరేడు నిమిషాలకు మించి కథ అల్లుకోకు.

పబ్లిక్ టీవీ గురించి ఒక మాట. 1967లో ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం చేసిన చట్టంతో ఈ స్టేషన్లకు ప్రభుత్వం నుంచి కొంత డబ్బు వస్తుంది. చూసేవాళ్లు ఇచ్చే విరాళాలు దానికి తోడు. సబ్బులు అమ్మడం కోసం నడిచే చోటు కాదు కాబట్టి నిన్ను ఏడిపిస్తేనే గిట్టుబాటు అనే లెక్క అక్కడ ఉండదు. 1963లో జూలియా చైల్డ్ తన సొంత గొంతుతో, తన సొంత తీరులో వంట గురించి మాట్లాడి దేశాన్ని కూర్చోబెట్టింది ఈ స్టేషన్ నుంచే. నీ యాస గురించి దిగులు పెట్టుకున్నావని మీ ఆయన చెప్పాడు. ఆ దిగులు అక్కడికి తీసుకెళ్లకు.

ఇక అసలు సంగతి. నీ కథలో మొదటి పేజీ మొత్తం తీసెయ్యి.

తెనాలి ఎక్కడుందో చెప్పావు. మనలో తొలికాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి వెళ్తుందని, అమెరికాలో ఉన్నవాళ్లకి ఆ వీలు లేక తల్లులే విమానమెక్కి వస్తారని చెప్పావు. బాలింతలకు కాయం ఎందుకు పెడతారో, అందులో శొంఠి, పిప్పళ్లు, మిరియాలు ఎంతెంత వేస్తారో చెప్పావు. అన్నీ నిజాలే, చక్కగా రాశావు కూడా. కానీ అందులో నువ్వెక్కడున్నావు? ఆష్‌లాండ్ గుడికి వచ్చే ఏ తెలుగు అమ్మాయైనా ఆ పేజీ చదివి తనదేనని చెప్పుకోవచ్చు.

ఈ సిరీస్ రకరకాల మనుషుల్ని వెతికి తెస్తోంది. నాకు దీని మీద అంత ఇష్టం అందుకే. ఆ రాత్రి స్టేజీ మీద మనవైపు మనిషివి నువ్వొక్కదానివే కావచ్చు. అప్పుడు భారతదేశం మొత్తం తరఫున మాట్లాడాలని, మనవాళ్ల గురించి మంచి చెప్పి రావాలని అనిపిస్తుంది. ఆ పని నీది కాదు అమ్మలూ. నిన్ను పిలిచింది నీకు జరిగింది చెప్పమని. మన సంప్రదాయాల మీద ఉపన్యాసం కావాలంటే వాళ్లు ఏ ప్రొఫెసర్‌నో పిలుచుకునేవాళ్లు.

నీకు జరిగిందేమిటి? తొమ్మిదో నెల కడుపుతో ఎయిర్‌పోర్టులో బయటకొచ్చే తలుపు ఎదురుగా నిలబడ్డావు. ఆ విమానంలోవాళ్లంతా వెళ్లిపోయారు, అమ్మ రాలేదు. అక్కడ మొదలుపెట్టు. ఆ తలుపు తెరుచుకున్న ప్రతిసారీ వేరెవరో రావడం చెప్పు. తెనాలి, ఆచారాలు వాటంతటవే తర్వాత వస్తాయి, రాకపోయినా నష్టం లేదు.

నువ్వు రాసినదాంట్లో ఎయిర్‌పోర్టు లోపల కస్టమ్స్ ఆఫీసరు అమ్మ పెట్టె తెరవడం, కాయం డబ్బా మూత తీసి వాసన చూడడం, అమ్మ చేతులతో సైగలు చేయడం ఉన్నాయి. సరదాగా ఉంది, జనం నవ్వుతారు. కానీ నువ్వు ఆ గదిలో లేవు. 1997లో న్యూయార్క్‌లో మొదలైన మాత్ అనే కథల సంస్థ వాళ్లు పాటించే పద్ధతే ఇప్పుడు ఇలాంటి చాలా స్టేజీల మీద నడుస్తోంది: నిజంగా జరిగింది కావాలి, నీకే జరిగింది కావాలి, చేతిలో కాగితం ఉండకూడదు. అమ్మ తర్వాత చెబితే నీకు తెలిసింది కాబట్టి అలాగే చెప్పు. కారులో వెనక సీట్లో కూర్చుని అమ్మ ఆ సైగలన్నీ మళ్లీ చేసి చూపించిందన్నావు కదా, ఆ సైగలు నువ్వు చూశావు. కారులో అమ్మని చూపించు చాలు, ఆ గదిని జనం వాళ్లే ఊహించుకుంటారు.

ఇంకొకటి నువ్వు రాయలేదు. నాకు ఎలా తెలుసంటే మీ అమ్మ నా చెల్లెలు. ప్రయాణానికి ముందు ఆ కాయం తేవద్దని నువ్వు ఫోన్లో గట్టిగా అరిచావు. ఇక్కడ డాక్టర్లున్నారు, ఆ పాతకాలం మందులు నాకొద్దు అన్నావు. ఆవిడ మాట్లాడకుండా ఫోన్ పెట్టేసి, రాత్రంతా కూర్చుని కాయం దంచింది. నువ్వు ఎయిర్‌పోర్టులో నిలబడ్డప్పుడు నీ మనసులో భయం ఒక్కటే లేదు, వద్దన్నా తెచ్చి ఉంటుందనే కోపం కూడా ఉంది. అవునా? పాప పుట్టాక ఎవరూ చూడకుండా ఆ డబ్బా తీసి వేలితో నాకింది కూడా నువ్వే. నీ కథ ఇక్కడుంది. ప్రేమగల తల్లి, కృతజ్ఞత గల కూతురు అని చెబితే జనం మర్యాదగా చప్పట్లు కొట్టి ఊరుకుంటారు. వద్దని అరిచిన కూతురు చెబితే ముందుకు వంగి వింటారు. ఆ అరుపుని మొదటి నిమిషంలోనే పెట్టు. చివరికి దాచిపెట్టి కొసమెరుపులా వాడకు, అది కథని చిన్నది చేస్తుంది.

అయితే ముందు అమ్మని అడుగు. చెబుతున్నానని తెలియజేస్తే సరిపోదు, చెప్పనా అని అడగాలి. కేఫులో చెప్పింది ఆ రాత్రితో పోతుంది. టీవీలో చెప్పింది అలా పోదు, మన చుట్టాల వాట్సాప్ గ్రూపులన్నిటికీ చేరుతుంది. మీ నాన్న వైపువాళ్లు చూస్తారు. నలుగురూ ఏమనుకుంటారో అని నువ్వు భయపడక్కర్లేదు, కానీ ఆవిడకి ఆ భయం ఉంటే తీసిపారేసే హక్కు నీకు లేదు. కథ మొత్తం తెలుగులో చదివి వినిపించు. ఆవిడ ఒక్క వాక్యం వద్దంటే ఆ వాక్యం తీసెయ్యి. అసలు కథే వద్దంటే వేరే కథ చూసుకుందాం, ఇంకా టైముంది. మీ అత్తగారి ప్రస్తావన మాత్రం నన్నడిగితే ఇప్పుడే తీసెయ్యమంటాను. ఆ రెండు వాక్యాల వల్ల కథకి ఒరిగేదేమీ లేదు, ఇంట్లో మాత్రం ఏడాది పాటు టెన్షన్.

బట్టీ పట్టకు. ఒక్క మాట మరిచిపోతే మొత్తం ఆగిపోతుంది, పైగా బట్టీ పట్టింది గొంతులో తెలిసిపోతుంది. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం మార్చకుండా గుర్తుపెట్టుకో. మధ్యలో జరిగినవి వరసగా తెలిస్తే చాలు: ఫోన్, తలుపు, కారు, డబ్బా. రోజూ గట్టిగా చెప్పుకో, అదీ నిలబడి. మనసులో అనుకుంటే అన్నీ సాఫీగానే ఉంటాయి, నోటితో అంటేనే ఎక్కడ తడబడుతున్నావో తెలుస్తుంది.

మన హరికథ చెప్పేవాళ్లు సభ తీరు చూసి మధ్యలో పిట్టకథ అందుకుంటారు. బుర్రకథలో పక్కన ఇద్దరు వంతలుంటారు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం అందిస్తూ ఉంటే కథకుడికి ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుంది. నీకక్కడ పిట్టకథకి టైము లేదు, పక్కన వంతలూ ఉండరు. ఆగాల్సిన చోట్లు ముందే అనుకుని వెళ్లు. ముఖ్యంగా జనం నవ్వినప్పుడు ఆగు. నవ్వులో చెప్పిన వాక్యం ఎవరికీ వినపడదు. కెమెరాల వైపు చూడొద్దు, వాటి పని అవి చేసుకుంటాయి. ముందు వరసల్లో ఇద్దరు ముగ్గురి మొహాలు పట్టుకుని వాళ్లకి చెప్పు.

విడిగా మాట్లాడించేటప్పుడు కథనే మళ్లీ చెప్పకు. అమ్మ ఇప్పుడెలా ఉందనో, పాప గురించో అడిగితే నిదానంగా, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడు.

చిన్న చిన్నవి కొన్ని. చీర కట్టుకోవాలనుంటే కట్టుకో, కానీ గరగరలాడే పట్టు వద్దు, మైకులో ఆ చప్పుడు వస్తుంది. గాజులు తీసెయ్యి. సన్న గళ్లు, సన్న చారలు కెమెరాలో మెరమెరలాడతాయి, ఒకే రంగు మంచిది. పెరుగన్నం తిని వెళ్లు. ఈ మంచులో స్టూడియో ఉన్న బ్రైటన్ దాకా కారు వద్దు. ఆష్‌లాండ్‌లో వూస్టర్ లైన్ రైలెక్కితే పోయిన మే నెలలో తెరిచిన బోస్టన్ ల్యాండింగ్ స్టేషన్లో దిగొచ్చు, అక్కడి నుంచి స్టూడియో నడిచేంత దూరమే. సాయంత్రం రైళ్ల టైములు చూసుకో, ఒకటి తప్పితే చాలాసేపు ఆగాలి. పాపని నా దగ్గర వదిలెయ్యండి, మీ ఆయన్ని హాల్లో కూర్చోనివ్వు.

అమ్మతో మాట్లాడాక మార్చిన కథ పంపు. అది చూశాకే మిగతా సంగతులు రాస్తాను.

మీ పెద్దమ్మ